ఆర్గ్యుమెంట్‌ని 'వాదన' అనొచ్చా?

ప్రశ్న:
జావా వర్చువల్ మెషీన్ (జావా ప్రోగ్రాములని నడిపే సాఫ్ట్‌వేర్) మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. మెథడ్‌ని, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కని, పిలిచేటప్పుడు పంపే విలువ ఏ రకమో చెప్పే 'ఆర్గ్యుమెంట్ టైప్' దగ్గర కలం ఆగింది. అనువాద యంత్రం 'వాదన రకం' అంటోంది. చదివితే కోర్టు గుర్తొస్తోంది. వేరే మాటేమైనా ఉందాండీ?

జవాబు:
వాదన వద్దండీ. లెక్కల్లో ఈ మాటకి తగువుతో పనిలేదు. పట్టికలో దేన్ని పట్టుకుని వెతుకుతామో ఆ విలువే ఆర్గ్యుమెంట్. 'ఆయామం' ఉంది గానీ అది సంకీర్ణ సంఖ్య కోణానికి. నేనైతే ఆర్గ్యుమెంట్ అనే ఉంచేస్తాను.

అయితే టైప్ కుదరడం, కుదరకపోవడం చెప్పడానికి మనకి పాత మాటలున్నాయి. వాక్యానికి అర్థం రావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి (పదాలు దగ్గరదగ్గరగా ఉండడం) ఉండాలంటారు శాస్త్రకారులు. 'ఇచ్చాడు' అనగానే ఏమిటి, ఎవరికి అనిపిస్తుంది చూడండి, అది ఆకాంక్ష. మెథడ్‌కి ఎన్ని ఆర్గ్యుమెంట్లు కావాలన్నదీ అలాంటిదే. 'నిప్పుతో తడిపాడు'లో పదాలకి లోటు లేదు, లేనిది యోగ్యత, అంటే అర్థాలు ఒకదానికొకటి పొసగడం. టైప్ తప్పడం అదే కదా!

మరొకరు:
పోలిక బాగుంది, కానీ చిన్న మెలిక. 2011లో జావా 7తో ఇన్వోక్‌డైనమిక్ (ఏ మెథడ్‌ని పిలవాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేల్చే ఆదేశం), మెథడ్ హ్యాండిల్స్ (మెథడ్‌ని పట్టుకుని పిలవడానికి వాడే పిడులు) వచ్చాయి. హ్యాండిల్ స్ట్రింగ్ (అక్షరాల వరస) అడుగుతోందనుకోండి. మీరు స్ట్రింగ్‌నే ఇచ్చారు, కాకపోతే ఆబ్జెక్ట్ (ఏ వస్తువైనా పట్టే టైప్) అని ప్రకటించిన వేరియబుల్‌లో పెట్టి ఇచ్చారు. హ్యాండిల్‌ని పిలిచే రెండు దారుల్లో ఒకటైన ఇన్వోక్‌ఎగ్జాక్ట్ ఒప్పుకోదు, రాంగ్‌మెథడ్‌టైప్‌ఎక్సెప్షన్ అనే తప్పు విసురుతుంది. లాంగ్ (పెద్ద పూర్ణాంకాల టైప్) అడిగిన చోట ఇంట్ (అంతకంటే చిన్నది) ఇచ్చినా అంతే, మామూలు పిలుపులోనైతే కంపైలరే సర్దేసేది. దీంతో నాకు ఒక పూట పోయింది. లోపల ఏముందో అది చూడనే చూడదు, పిలిచిన చోట రాసి ఉన్న టైపే దానికి లెక్క.

రెండో దారి, ఉత్త ఇన్వోక్ అయితే కాస్త నయం. ఆబ్జెక్ట్‌ని స్ట్రింగ్‌గా మార్చి చూస్తుంది. లోపలున్నది నిజంగా స్ట్రింగ్ కాకపోతే అప్పుడు క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే ఇన్వోక్‌ఎగ్జాక్ట్ చూసేది యోగ్యత కాదండీ, విభక్తి! 'రాముడికి ఇచ్చాడు' అనాల్సిన చోట 'రాముణ్ణి ఇచ్చాడు' అంటే మనిషి అతనే అయినా వాక్యం తప్పు. ఇన్వోక్ ఆ విభక్తిని దిద్దిపెడుతుంది. దిద్దాక కూడా కుదరకపోతే, అది నిప్పుతో తడపడం. వ్యాసంలో ఇలాగే రాస్తాను, ఆర్గ్యుమెంట్‌ని మాత్రం కదపను.