ఇష్టంగా చేసే పనికి లెక్క పెడితే ఆనందం మిగులుతుందా?

మడతపేజీ:
మూడేళ్ళ క్రితం ఏడాదికి 52 పుస్తకాలు చదవాలని టార్గెట్ పెట్టుకున్నాను, వారానికి ఒకటి చొప్పున. మొదటి ఏడాది 41 దగ్గర ఆగిపోయింది. రెండో ఏడాది 52 పూర్తి చేశాను. ఆఖరి పుస్తకం మూసినప్పుడు సంతోషం కలగలేదు. హమ్మయ్య అనిపించింది, అంతే. ఆఫీసులో నెలాఖరు రిపోర్టు పంపేశాక నాకు అనిపించేదీ అదే.

ఏం జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. సన్నటి పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెట్టాను. ఎప్పట్నుంచో చదవాలనుకున్న 700 పేజీల నవల అలమరలోనే ఉండిపోయింది, అది చదివితే మూడు పుస్తకాల టైమ్ పోతుందని. కవిత్వం పూర్తిగా మానేశాను, కవితల పుస్తకం ఎప్పుడు "అయిపోయింది" అని రాసుకోవాలో తెలియక. నచ్చిన వాక్యం దగ్గర వేలు పెట్టి, పుస్తకం సగం మూసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే అలవాటు చిన్నప్పట్నుంచీ ఉండేది. అది ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. చదవడంలో నాకు దొరికే ఆనందమంతా అక్కడే ఉండేది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2016లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకురాలు జోర్డన్ ఎట్కిన్ కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. బొమ్మలకు రంగులు వేసేవాళ్ళకు ఎన్ని వేశారో చూపిస్తూ ఉంటే ఎక్కువ వేశారు, కానీ ఆ పని వాళ్ళకు తక్కువగా నచ్చింది. నడకలో అడుగుల లెక్క తెలిసినా అంతే. అడుగులు పెరిగాయి, నడకలో ఇష్టం తగ్గింది. లెక్క వచ్చి పక్కన చేరేసరికి ఇష్టమైన పని కూడా డ్యూటీలా తోస్తుందని ఆమె వివరణ.

అందుకే సూటిగా చెబుతున్నాను. చిన్న చిన్న ఆనందాలకూ హాబీలకూ లెక్కలు, టార్గెట్లు, యాప్‌లు పనికిరావు. మీరేమంటారు?

ఊలుబంతి:
మడతపేజీ గారూ, మీకు జరిగింది అర్థమైంది. దాన్ని అందరికీ రూలు చేస్తానంటే మాత్రం ఒప్పుకోను.

నేను ఊలుతో అల్లుతాను. అల్లికలో లెక్క లేకపోతే అల్లికే లేదు. వరసకి 96 కుట్లు ఉండాలంటే 96 ఉండాల్సిందే. ఒక్కటి జారినా నాలుగు వరసలు దాటాక డిజైన్ పక్కకి ఒరుగుతుంది, అక్కడిదాకా విప్పుకోవాలి. రోజంతా బుర్రలో తిరిగిన గొడవలన్నీ ఆ లెక్క మొదలుపెట్టగానే ఆగిపోతాయి. ఇరవై రెండు, ఇరవై మూడు అనుకుంటూ, పొద్దున ఆఫీసులో పడ్డ మాట కూడా తలుచుకోవడం ఎవరివల్లా కాదు. నాకు ప్రశాంతత దొరికేదే లెక్కలో.

మడతపేజీ:
మీరు చెప్పింది పని లోపలి లెక్క అండీ. నేనంటున్నది పనినే లెక్కపెట్టడం. ఏడాదికి ఎన్ని స్వెట్టర్లు అని మీరు చూసుకోరు కదా?

ఊలుబంతి:
చూసుకుంటాను. 2011 నుంచి ఒక నోటుబుక్కు ఉంది. ఎవరికి అల్లాను, ఏ రంగు, ఎన్నాళ్ళు పట్టింది, అన్నీ రాసిపెట్టాను. అప్పుడప్పుడూ తీసి తిరగేస్తే అల్లినప్పటి సాయంత్రాలన్నీ గుర్తొస్తాయి. అది కూడా ఆనందమే.

పిట్టలచెట్టు:
నేను ఊలుబంతి గారి వైపు. పక్షులు చూసేవాళ్ళందరికీ ఒక లిస్టు ఉంటుంది. జీవితంలో మొదటిసారి చూసిన పక్షిని మేము "లైఫర్" అంటాం. ఆ లిస్టు మొదలుపెట్టకముందు నాకు చెట్టు మీద ఉన్నవన్నీ ఉత్త పిట్టలే. పేరు రాసుకోవాలి కాబట్టి ముక్కు ఎలా ఉంది, కళ్ళ చుట్టూ గీత ఉందా, ఎగిరేటప్పుడు తోక విప్పిందా అని చూడటం నేర్చుకున్నాను. లెక్క వల్లే నా కళ్ళు తెరుచుకున్నాయి.

ఫీబీ స్నెట్‌సింగర్ అని అమెరికాలో ఒకావిడ ఉండేవారు. 1981లో ఆమెకు మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ ముదిరిందని, ఏడాది కూడా బతకడం కష్టమని డాక్టర్లు చెప్పారు. ఆమె ఇంట్లో కూర్చోలేదు, పక్షుల కోసం ప్రపంచమంతా తిరిగారు. 8,000 జాతులకు పైగా చూసిన మొదటి మనిషి ఆమే. చివరికి 1999లో మడగాస్కర్‌లో, పక్షుల కోసం వెళ్ళిన ప్రయాణంలోనే, వ్యాన్ ప్రమాదంలో పోయారు. డాక్టర్ల మాట విన్నాక 18 ఏళ్ళు! ఆ లిస్టును డ్యూటీ అని ఎవరైనా అనగలరా?

మడతపేజీ:
అనలేను. ఆమె గురించి నాకూ కొంచెం తెలుసు. ఒక్కో పక్షి మీద వివరంగా నోట్స్ రాసుకునేవారు, వెళ్ళేముందు బాగా చదువుకుని వెళ్ళేవారు. అంటే ఆ సంఖ్య కింద అంత చూపు ఉంది. నా 52 కింద ఏముందో నాకు తెలుసు కాబట్టే ఈ బాధ. వాటిలో పది పుస్తకాల కథ ఇప్పుడు అడిగినా చెప్పలేను.

తెల్లకాగితం:
మీ ఇద్దరి మధ్య తేడా ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి "బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకి ఏమీ చెప్పకుండా గీశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఎవరూ అడగకుండానే ఎవరు గీస్తున్నారో చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్ళు గీసే టైమ్‌లో దాదాపు సగమే గీశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

సర్టిఫికెట్ రెండు గుంపులకీ వచ్చింది. చెడగొట్టింది ముందే పెట్టిన షరతు. ఊలుబంతి గారి నోటుబుక్కు పని అయ్యాక రాసేది. మడతపేజీ గారి 52 జనవరిలోనే వచ్చి కూర్చుంది.

ఇంకోటి కూడా. ఫోటో తీసుకోవడం వల్ల ఆనందం తగ్గిపోదు. కానీ సోషల్ మీడియాలో పెట్టడానికే తీస్తే, తమ కోసం తీసుకున్నవాళ్ళకంటే తక్కువ ఆనందిస్తారని అలిక్సాండ్రా బరాష్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2018లో చూపించారు. నలుగురూ ఏమనుకుంటారో అన్న ధ్యాస మధ్యలో దూరుతుంది. చదివిన పుస్తకాల సంఖ్య నలుగురికీ కనిపించే చోట పెట్టేవాళ్ళకీ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.

రెండుషిఫ్టులు:
అన్నలూ, అక్కలూ, లెక్కపెట్టుకునేంత హాబీ ఉండటమే అదృష్టం. డ్యూటీ అయ్యాక ఇంట్లో మంచం మీదున్న మనిషిని చూసుకోవాలి. నాకు దొరికేది తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు, అదీ రోజూ కాదు. దొరికిన రోజు ఇయర్‌ఫోన్స్ కూడా పెట్టుకోను. గాలి తగులుతుంటే చాలు. ఇందులో ఏం లెక్కపెట్టాలి?

మడతపేజీ:
తమ్ముడూ, నేను చెప్పాలనుకున్నది నువ్వే చెప్పావు.

మూడోగంట:
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. "లెక్కలు పనికిరావు" అన్న మాట చూసి ఊరుకోలేకపోతున్నాను.

రెండేళ్ళ క్రితం నాకు డిప్రెషన్ వచ్చింది. బొమ్మలు గీయడం ఇరవై ఏళ్ళ అలవాటు. అది కూడా రుచి లేకుండా పోయింది. "నీకిష్టమైన పని చెయ్యి, మనసు తేలికవుతుంది" అని అందరూ అనేవాళ్ళు. ఇష్టం అనేదే లోపల లేనప్పుడు ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో చెప్పలేను. నేను వెళ్ళిన కౌన్సెలర్ ఆ మాట అనలేదు. రోజుకి పది నిమిషాలు పెన్సిల్ పట్టుకోమన్నారు, బాగా గీయక్కర్లేదన్నారు, అయ్యాక క్యాలెండర్‌లో టిక్ పెట్టమన్నారు. మనసు ఎలా ఉందో పక్కన పదికి ఎంత అని ఒక అంకె వేయమన్నారు.

దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970లలో పీటర్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు చేసిన కృషి దీనికి మూలం. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు, పని ముందు నడిస్తే మనసు వెనకాల వస్తుంది. అదీ పద్ధతి.

మొదటి మూడు వారాలు నా అంకెలన్నీ రెండు, రెండు, మూడు, రెండు. నాలుగో వారం ఒక రోజు ఐదు వేశాను. ఆ రోజు గీసింది తలుపు గడియ. అంతకుముందు రోజులు ఎంత చీకటిగా ఉన్నా, ఐదు ఒకసారి వచ్చిందని కాగితం మీద రుజువు ఉంది. జ్ఞాపకాన్ని అడిగితే "ఎప్పుడూ రెండే" అనేది. ఆ టిక్కులు లేకపోతే నేను మళ్ళీ పెన్సిల్ ముట్టేదాన్ని కాదు. దయచేసి ఎవరి చేతిలోంచీ ఆ క్యాలెండర్ లాక్కోకండి.

మడతపేజీ:
మూడోగంట గారూ, మీరు రాసింది చదివాక నా మొదటి పోస్టులో "పనికిరావు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆనందం ఉన్నచోట లెక్క పెడితే ఏమవుతుందో మాత్రమే ఆలోచించాను. ఆనందమే కనిపించనప్పుడు దారి వెతకడానికి లెక్క సాయం చేస్తుందని నాకు తట్టలేదు. ముందే పెట్టుకునే టార్గెట్ల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. 700 పేజీల నవల నిన్న అలమరలోంచి దించాను. ఎప్పటికి పూర్తవుతుందో పట్టించుకోను.

ఊలుబంతి:
టార్గెట్ల విషయంలో నేను ఇంకా ఒప్పుకోను. మనవరాలి పుట్టినరోజుకి స్వెట్టర్ అందాలంటే తేదీ పెట్టుకోకుండా ఎలా? ఆ తొందరలోనూ నాకు ఆనందం ఉంది. మూడోగంట గారూ, ఒక్క మాట అడగొచ్చా? ఇప్పటికీ టిక్కులు పెడుతున్నారా?

మూడోగంట:
మీరు అడిగాక వెళ్ళి చూశాను. నవంబర్ 19 తర్వాత పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. స్కెచ్‌బుక్‌లో మాత్రం నవంబర్ 20న బొమ్మ ఉంది, 21న ఉంది, ఆ తర్వాత కూడా ఉన్నాయి. టిక్ పెట్టడం మర్చిపోయినట్టున్నాను. క్యాలెండర్ మాత్రం గోడ మీదే ఉంచాను, మళ్ళీ అవసరం పడితే ఉంటుందని.