కొలంబస్ గేమ్ ముందు ఒక ప్రశ్న: కోచ్ సార్క్ ప్లే షీట్ వేరేవాళ్ళ చేతికి ఇవ్వాలా?

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
2025 ఆగస్టు 30, శనివారం మన టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఓహైయో స్టేట్‌తో ఆడడానికి కొలంబస్ వెళ్తోంది. సీజన్ మొదలుకాకముందు వచ్చే ఏపీ పోల్‌లో (క్రీడా విలేకరులు ఓట్లేసి ఇచ్చే ర్యాంకుల్లో) టెక్సస్‌కి 1వ ర్యాంకు రావడం మన చరిత్రలో ఇదే మొదటిసారి. ఓహైయో స్టేట్‌కి 3. అందరూ మన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్‌లు విసిరేవాడు) ఆర్చ్ మానింగ్ గురించే మాట్లాడుతున్నారు. నా టెన్షన్ ఆ పిల్లాడి గురించి కాదు, మన హెడ్ కోచ్ సార్కీసియన్ (సార్క్) చేతిలో ఉండే ఆ షీట్ గురించి. ప్రతిసారీ ఏ ఎత్తు (ప్లే) వేయాలో ఆయన అందులోంచే ఎంచి పిలుస్తాడు.

ఈ జనవరి 10న ఓహైయో స్టేట్‌తోనే జరిగిన కాటన్ బౌల్‌కి (జాతీయ టైటిల్ సెమీఫైనల్‌కి) ఆర్లింగ్టన్‌లో నేనున్నాను. 21-14తో వెనకబడ్డాం. బంతి వాళ్ళ గోల్ గీతకి 1 యార్డు దూరంలో ఉంది, మనకి నాలుగు ప్రయత్నాలు (డౌన్లు). ఫస్ట్ డౌన్‌లో మధ్యలోంచి పరుగు, ఏమీ రాలేదు. సెకండ్ డౌన్‌లో విస్నర్‌కి పక్కకి టాస్. 7 యార్డులు వెనక్కి. థర్డ్ డౌన్ పాస్ పోయింది. ఫోర్త్ డౌన్‌లో వాళ్ళ సాయర్ వచ్చి అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ యూవర్స్‌ని పడగొట్టి, బంతి తీసుకుని 83 యార్డులు పరుగెత్తాడు. 28-14. నా పక్క సీట్లో ఉన్న పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, గేమ్ అయిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

అవతల ఓహైయో స్టేట్ హెడ్ కోచ్ ర్యాన్ డే ఏం చేశాడు? 2024లో ప్లేలు పిలిచే పని తన కింది కోచ్ చిప్ కెల్లీకి అప్పగించి తాను టీమ్ మొత్తాన్నీ చూసుకున్నాడు. జాతీయ టైటిల్ కొట్టాడు. మన హెడ్ కోచ్ కూడా అలా చేయాలంటాను. మీరేమంటారు?

సెడార్‌పార్క్_మూర్తి:
అస్సలు ఒప్పుకోను. సార్క్‌ని మనం తెచ్చుకున్నదే ప్లేలు పిలవడం కోసం. 2020లో అలబామా టైటిల్ గెలిచినప్పుడు అక్కడ ప్లేలు పిలిచింది ఈయనే. 2021లో ఇక్కడ 5-7, అంటే 5 గెలుపులు, 7 ఓటములు. ఆ తర్వాత 8-5, 12-2, 13-3. ఇవన్నీ ఆ షీట్ ఆయన చేతిలో ఉండగానే వచ్చాయి. బయటి ఊళ్ళలో భయం అంటారా? 2023లో అలబామా వెళ్ళి 34-24, 2024లో మిషిగన్ వెళ్ళి 31-12, కాలేజ్ స్టేషన్ వెళ్ళి టెక్సస్ ఏ అండ్ ఎం మీద 17-7. ఒక్క టాస్ పట్టుకుని ఇదంతా చెరిపేస్తామా?

కొత్తగా_ఆస్టిన్:
అన్నా, యూటీలో నాకిది మొదటి సెమిస్టర్. టాస్ అంటే నాణెం ఎగరేయడం కాదా?

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
కాదు తమ్ముడూ. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కకి, కాస్త వెనకగా పరుగెత్తే ఆటగాడికి విసురుతాడు. అతను చుట్టూ తిరిగి ముందుకి రావాలి. 1 యార్డే కావాల్సినప్పుడు బంతిని ముందు 5 యార్డులు వెనక్కి పంపడం అన్నమాట.

సెడార్‌పార్క్_మూర్తి:
పూర్తిగా చెప్పండి. మధ్యలోంచి ఫస్ట్ డౌన్‌లో ప్రయత్నించాం, గోడకి గుద్దుకున్నట్టయింది. అందరూ మధ్యలోకి దూరినప్పుడు పక్కన ఖాళీ ఉంటుందని పిలిచాడు. బ్లాక్ పడలేదు, అంటే అవతలివాళ్ళని మనవాళ్ళు అడ్డుకోలేకపోయారు. పడి ఉంటే ఇవాళ అదే టాస్‌ని మీరు మెచ్చుకునేవారు.

డబ్లిన్_ఓహైయో:
అవతలి పక్క నుంచి ఒక మాట, ఏమనుకోకండి. ఓఎస్‌యూలో (ఓహైయో స్టేట్‌లో) ఎంఎస్ చేశాను, ఇక్కడే స్థిరపడ్డాను. డే షీట్ వదిలేయగానే అంతా బాగుపడిందని మీరు రాశారు గానీ, నవంబరు 30న మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయాం. మా స్టేడియంలోనే. వాళ్ళ చేతిలో వరుసగా నాలుగో ఓటమి అది. ఆ రోజు ప్లేలు పిలిచింది కెల్లీయే. అయినా ఊరంతా తిట్టింది డేని.

సెడార్‌పార్క్_మూర్తి:
థాంక్స్ అండీ. ఇదే నేను చెప్పేది. షీట్ ఎవరికిచ్చినా తిట్లు పడేది హెడ్ కోచ్‌కే. తిట్లు తినేవాడి చేతిలోనే పని ఉండాలి.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా మూర్తిగారూ. ఫైనల్లో నోటర్‌డేమ్ 31-23కి దగ్గరగా వచ్చేసింది. ఓహైయో స్టేట్‌కి థర్డ్ అండ్ 11, అంటే మూడో ప్రయత్నం, ఇంకా 11 యార్డులు కావాలి. అక్కడ చాలామంది పరుగు పిలిచి గడియారం నడిపించేవాళ్ళు. జెరెమయా స్మిత్‌కి 56 యార్డుల పాస్ వేశారు. 34-23. ఒకరు పిలిచేవాళ్ళు, ఒకరు పక్కన నిలబడి సరే అనో వద్దు అనో చెప్పేవాళ్ళు. ఇంకో సంగతి. కెల్లీ ఎవరనుకున్నారు? డే న్యూ హాంప్‌షైర్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడేటప్పుడు అతనికి నేర్పిన కోచ్. తన గురువునే తెచ్చి ఆ పని అప్పగించాడు. ఎంత పెద్ద మనసుండాలి దానికి!

రౌండ్‌రాక్_వాణి:
మా ఇంట్లో ఇదే గొడవ జనవరి నుంచీ నడుస్తోంది. మావారు మూర్తిగారి పక్షం.

సెడార్‌పార్క్_మూర్తి:
స్టేడియం గోల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అక్కడ లక్షా 2 వేల మందికి పైగా ఉంటారు. మన క్వార్టర్‌బ్యాక్ కేక అతనికి బంతి అందించే సెంటర్‌కి కూడా వినపడదు. సైగలతోనే బంతి తీయాలి. 2024 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే స్పీకర్ వచ్చింది గానీ, ప్లే క్లాక్‌లో (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో) 15 సెకన్లు మిగిలినప్పుడు అది ఆగిపోతుంది. అంటే 40 సెకన్లలో మాటకి దొరికేది 25. ఆలోచించిన మనిషి గొంతే నేరుగా ఆర్చ్ చెవిలో పడాలి. మధ్యలో ఇంకో మనిషిని పెడితే సెకన్లు పోతాయి. పోయినప్పుడల్లా టైమ్‌అవుట్ తగలెట్టాలి.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
ఆ 25 సెకన్లూ ఆయన తల వంచుకుని షీట్ చూస్తుంటే మిగతా ఆట ఎవరు చూస్తారు? ఫోర్త్ డౌన్‌లో వెళ్ళాలా వద్దా, టైమ్‌అవుట్ ఉంచుకోవాలా, కుర్రాడు కంగారు పడుతున్నాడా? 2005 సెప్టెంబరులో ఇదే కొలంబస్‌లో మనం 25-22తో గెలిచాం. రెండు యూనివర్సిటీలూ తలపడడం అదే మొదటిసారి. అప్పటి మన హెడ్ కోచ్ మ్యాక్ బ్రౌన్ ప్లేలు పిలవలేదు, ఆయన కింది కోచ్ గ్రెగ్ డేవిస్ పిలిచాడు. చివరి మూడు నిమిషాల్లో మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ నుంచి లిమాస్ స్వీడ్‌కి 24 యార్డుల పాస్. ఆ సీజన్ టైటిల్ మనదే.

సెడార్‌పార్క్_మూర్తి:
గ్రెగ్ డేవిస్ పేరు ఎత్తినందుకు సంతోషం. 2010లో 5-7 అయినప్పుడు ఆ డేవిస్‌ని తిట్టని మనిషి ఆస్టిన్‌లో లేడు. సీజన్ అయ్యాక వెళ్ళిపోయాడు. మ్యాక్ ఇంకో మూడేళ్ళు ఉన్నాడు. మీ పద్ధతిలో జరిగేది ఇదే. గెలిస్తే పెద్దాయన పేరు, ఓడితే కింద ఉన్నవాడి తల.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
అది మ్యాక్ మీద అన్యాయమైన మాట.

సెడార్‌పార్క్_మూర్తి:
అన్యాయం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఒక కంపెనీలో 6 ఏళ్ళు చేశాను. మా మేనేజర్‌ది అచ్చం మీరు చెప్పిన పద్ధతి. "మీ మీద నాకు పూర్తి నమ్మకం, మీరే చూసుకోండి" అనేవాడు. ఒక రాత్రి రిలీజ్ ఫెయిలైంది. 2 గంటలకి ఫోన్ చేశాను, తీయలేదు. 4కి చేశాను, తీయలేదు. తెల్లారి పైవాళ్ళకి మెయిల్ వెళ్ళింది, అందులో ఒకే ఒక్క పేరు, నాది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి 60 రోజుల గడువంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. బడి మానిపించాల్సి వస్తుందేమోనని తనకి తెలియకుండా కార్టన్ పెట్టెలు తెచ్చి గరాజ్‌లో పెట్టాం. అందుకే తన పని తన చేత్తో చేసే నాయకుడంటే నాకు గౌరవం. చేతులు దులుపుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఫ్రిస్కో_99:
మూర్తిగారూ, చాలా బాధగా ఉంది చదువుతుంటే.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
మీకు జరిగింది ఘోరం. కానీ ఆ మేనేజర్ మీద కోపం తెచ్చి మ్యాక్ బ్రౌన్ మీద, డే మీద పోస్తే ఎలా? మిషిగన్ గేమ్ తర్వాత డే ఎక్కడికీ పారిపోలేదు. కెల్లీ వల్ల ఓడిపోయాం అనలేదు. అంతా తన మీదే వేసుకున్నాడు.

సెడార్‌పార్క్_మూర్తి:
మీకు అర్థం కాదు. మీరెప్పుడూ ఏ బాధ్యతా మొయ్యలేదేమో. 1 యార్డు దగ్గర నిలబడి నిర్ణయం తీసుకోవడం వేరు, సీట్లో కూర్చుని ఎనిమిది నెలలు దాన్నే తలుచుకోవడం వేరు.

రౌండ్‌రాక్_వాణి:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంతమంది చదువుతున్నారు.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
తగ్గుతానండీ. కానీ ఆయన ఆ మాటన్నాడు కాబట్టి అసలు సంగతి చెప్తాను. ఇన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్నది టాస్ కాదని ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది.

మా నాన్న తెనాలిలో ఇళ్ళు కట్టించేవారు. ఏ పనీ ఎవరి మీదా వదిలేవారు కాదు. ఇసుక ఆయనే చూడాలి, ఊచ ఆయనే లెక్కపెట్టాలి. మూర్తిగారూ, అచ్చం మీకు నచ్చే మనిషి. మా సొంత ఇంటికి స్లాబు వేసే రోజు పొద్దున్నుంచీ ముసురుగా ఉంది. సెంట్రింగ్ అయిపోయింది, కూలీలు వచ్చేశారు, మిల్లర్ తిరుగుతోంది. మేస్త్రి రెండుసార్లు ఆకాశం వంక చూశాడు. నేను అతని పక్కనే ఉన్నాను, పదో తరగతి. ఏదో అనబోయి నాన్న మొహం చూసి ఊరుకున్నాడు. తమలపాకు నమిలి ఉమ్మేసి తాపీ తీసుకున్నాడు. సగం స్లాబు పడ్డాక కుండపోత. సిమెంటు పాలు గోడల మీంచి కారిపోయాయి. ఆ ఇల్లు ఈ రోజుకీ వంటింటి మూల కారుతుంది. నాన్న తప్పు తన మీదే వేసుకున్నారు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. వేసుకుంటే స్లాబు ఆగిందా?

ఆ సెకండ్ డౌన్‌లో సార్క్ పక్కన ఆయన కింది కోచ్ కైల్ ఫ్లడ్ ఉన్నాడు. ముందు వరసలో అవతలివాళ్ళని అడ్డుకునే లైన్‌మెన్‌ని తయారుచేసేది ఆయనే. ఆ నిమిషంలో "వద్దు" అనే హక్కు ఎవరికైనా ఉందా అన్నదే నా ప్రశ్న. షీట్ ఎవరి చేతిలో ఉందన్నది కాదు.

సెడార్‌పార్క్_మూర్తి:
ముందు, ఆ బాధ్యత మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

కానీ "వద్దు" అనేవాళ్ళు ఉండాలంటే నాకు భయమే. మా ఆఫీసులో అనేవాళ్ళు ఆరుగురు ఉండేవారు. ఏదైనా చెడితే ఆరుగురూ "నేను అప్పుడే చెప్పాను" అనేవారు. పని చేసినవాడు ఒక్కడే మిగిలేవాడు. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ మేస్త్రి నోరు విప్పి ఉంటే మీ నాన్నగారు ఆపేవారా?

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
నాన్న పోయిన తర్వాత ఊరెళ్ళినప్పుడు ఆ మేస్త్రినే అడిగాను. ముసలాయన అయిపోయాడు. "మొదట నన్ను తిట్టేవారు బాబూ. ఓ అరగంట అటూ ఇటూ తిరిగేవారు. ఆ తర్వాత టార్పాలిన్లు తెమ్మని మనిషిని పంపేవారు" అన్నాడు.

డబ్లిన్_ఓహైయో:
చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు.

సెడార్‌పార్క్_మూర్తి:
అలాంటి మేస్త్రి ఒక్కడు పక్కన ఉంటే నాకూ అభ్యంతరం లేదు. తర్వాత "నేను చెప్పాను" అనకుండా తాపీ పట్టుకుని కలిసి తడిచినవాడు. ఫ్లడ్ అలాంటివాడైతే మాట్లాడమనండి, సార్క్ వింటాడనే నా నమ్మకం. షీట్ మాత్రం సార్క్ చేతిలోనే ఉండాలి. అందులో మారను.

బర్న్ట్ఆరెంజ్_తెనాలి:
మారకండి. శనివారం కెమెరా సైడ్‌లైన్ చూపించినప్పుడల్లా నేను ఫ్లడ్ ఎక్కడున్నాడో వెతుకుతాను.

కొత్తగా_ఆస్టిన్:
అన్నా, గేమ్ మన టైమ్ ప్రకారం ఎన్నింటికి? మా రూమ్‌లో టీవీ లేదు.

సెడార్‌పార్క్_మూర్తి:
పొద్దున 11కి. 10:30కల్లా మా ఇంటికి వచ్చెయ్. అడ్రస్ మెసేజ్‌లో పంపుతాను. తెనాలి గారూ, మీరు కూడా రండి.