నాగపూర్ సమావేశాల్లో సిరొంచ మీద ప్రశ్న వేయించాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్రాణహిత ఒడ్డు
డిసెంబర్‌లో నాగపూర్‌లో మహారాష్ట్ర అసెంబ్లీ. మనది గడ్చిరోలి జిల్లాలో తెలంగాణ సరిహద్దు తాలూకా. ఆలాపల్లి–సిరొంచ రోడ్డు, తాలూకా దవాఖానలో డాక్టర్ల ఖాళీలు, తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ ముంపు భూముల పరిహారం పైసలు. ఈ మూడింటి మీద ఎమ్మెల్యేతో ప్రశ్న వేయిద్దామని మా ఊళ్లవాళ్లం అనుకుంటున్నాం. ఇంతకుముందు ఎవరైనా వేయించారా? కాగితం ఎవరికివ్వాలి? జవాబు మన చేతికి ఎలా వస్తుంది?

మిరప చేను
ముందు పైసల సంగతి తేల్చమనండి. మాది నది పక్క చేను. సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, పేరు నాదే, పంట మాత్రం నీళ్లది. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చి నష్టం పంచనామా రాసుకుపోయాడు. ఆ కాగితం ఇప్పుడు ఏ టేబుల్ మీదుందో చెప్పే నాథుడు లేడు. సభలో అడిగితే ఏమవుతుంది? మంత్రి లేచి చర్యలు నడుస్తున్నాయంటాడు, కూర్చుంటాడు. మనం ఇక్కడ వీడియో షేర్ చేసుకుని చప్పట్లు కొట్టాలి.

లాల్‌పరి ప్రయాణికుడు
రోడ్డు ముందు, అన్నీ తర్వాత. సుమారు 100 కి.మీ. అడవి దారి, పేరుకి జాతీయ రహదారి 353సి. మా వదినను పురిటి నొప్పులతో ఆ గుంతల్లో తీసుకెళ్లే ధైర్యం లేక వంతెన దాటించి చెన్నూరు వైపు తీసుకెళ్లాం. ఓటు మహారాష్ట్రలో, కాన్పు తెలంగాణలో. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కి.మీ. పైమాటే, కలెక్టర్ ఆఫీసులో పని పడితే మొదటి టెన్షన్ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే.

రిటైర్డ్ కారకూన్
ఈ ప్రశ్నలకు జవాబులు తయారుచేసే ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను. మీరంతా ఊహల మీద మాట్లాడుతున్నారు, నేను చెప్పేది వినండి.

తారాంకిత్ (నక్షత్రం గుర్తున్న) ప్రశ్న అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద ఉపప్రశ్నలు వేయొచ్చు. తారాంకం లేనిదైతే రాతలో జవాబు, అంతే. నోటీసు సమావేశాలకు చాలా ముందే వెళ్లాలి. డిసెంబర్‌లో దండ పట్టుకుని నాగపూర్ వెళ్తే ఫొటో వస్తుంది, ప్రశ్న రాదు. అప్పటికప్పుడు అయితే లక్షవేధి, అంటే అత్యవసర విషయాన్ని మంత్రి దృష్టికి తెచ్చే నోటీసు, ఒక దారి. అదీ సభ అధ్యక్షులు (స్పీకర్) ఒప్పుకుంటేనే.

ఆ ప్రశ్న తిరిగి తిరిగి మన తాలూకా ఆఫీసుకే వస్తుంది. జవాబు రాసేది మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో వాళ్లే. 'పలానా భూములు మునిగాయన్నది నిజమేనా?' అని అడిగితే 'పాక్షికంగా నిజం' అని రాసి పంపుతారు. తర్వాతి ముక్కకు 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. ఊరి పేరు, సంవత్సరం, ఏ పంచనామా, ఏ తారీఖున ఏ ఆఫీసులో ఇచ్చారు, ఇవన్నీ ప్రశ్నలోనే ఉంటే ఆ తప్పించుకునే మాట రాయడం కష్టం.

అంకీస కుర్రాడు
సార్, అంటే ఇన్నాళ్లూ ఆ 'ఉత్పన్నం కాదు' రాసింది మీరేనా?

రిటైర్డ్ కారకూన్
తమ్మీ, పైవాళ్లు రాయమన్నది రాశాను. వెటకారం ఆపి పని నేర్చుకో.

గోదారి మట్టం
ముంపు ముంపు అంటున్నారు, ముందు మట్టం తెలుసుకోండి. మేడిగడ్డ నీటిమట్టం సముద్రమట్టం నుంచి 100 మీటర్లు. 2016 ఆగస్టు 23న ఇద్దరు ముఖ్యమంత్రులూ ముంబైలో సంతకాలు పెట్టింది దానికే. ఆ లెక్క ప్రకారం నీళ్లు చాలావరకు నది గట్ల మధ్యనే ఉండాలి.

మిరప చేను
ఉండాలి! నీ లెక్క నదికి చెప్పావా అన్నా? 2022 జూలై వరదప్పుడు నువ్వెక్కడున్నావు? ఆ 152 మీటర్లన్నది ఏమైంది మరి? అప్పుడు మన పక్క ఒప్పుకోలేదుగా.

గోదారి మట్టం
152 తుమ్మిడిహెట్టి బ్యారేజీకి, ప్రాణహిత మీద. దాన్ని 148కి తగ్గించమన్నారు. మేడిగడ్డ గోదావరి మీద. రెండూ వేరు. ఇది కూడా తెలియకుండా ధర్నాల్లో కూర్చుంటున్నారు.

మిరప చేను
ధర్నాలో కూర్చున్నందుకు నాకు మట్టాలు తెలియవు, నీకు చేను లేదు కాబట్టి బాధ తెలియదు. సరిపోయింది.

గోదారి మట్టం
చేను లేకపోతే మాట్లాడకూడదా? 2022 వరద బ్యారేజీ లేకపోయినా వచ్చేదే. భద్రాచలంలో 70 అడుగులు దాటింది, అది కూడా బ్యారేజీ చేసిందేనా?

ఆసరెల్లి పెద్దాయన
ఇద్దరూ ఆగండి. వరద వరదే, వెనక నీళ్లు వెనక నీళ్లే. వరద వచ్చి పోతుంది. బ్యారేజీ నిండాక మా ఒర్రెల్లో నీళ్లు నిలిచి పోయేవి కావు, ఎడ్లబండి దిగేది కాదు. దానికి మట్టం పుస్తకం అక్కర్లేదు.

గోదారి మట్టం
2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తి నీళ్లు వదిలేశారు. ఇప్పుడు నిలిచిన నీళ్లేవి?

రిటైర్డ్ కారకూన్
అదిగో! ఆఫీసు వాళ్లు రాయబోయే జవాబు ఈయన ఇప్పుడే చెప్పేశాడు. 'ప్రస్తుతం నీటి నిల్వ లేదు.' అందుకే ప్రశ్నలో 'మునుగుతున్నాయా' అని రాయకండి. 2019 జూన్‌లో బ్యారేజీ ప్రారంభమైనప్పటి నుంచి 2023 అక్టోబర్ వరకు జరిగిన నష్టం అని రాయండి. ఇంకొకటి, పైసలు ఇవ్వాల్సింది తెలంగాణ. 'ఆ ప్రభుత్వంతో ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి' అంటారు. చివరి ఉత్తరం ఏ తారీఖుది, జవాబు వచ్చిందా, అని ఉపప్రశ్న రెడీగా పెట్టుకోండి.

లాల్‌పరి ప్రయాణికుడు
రోడ్డు సంగతి ఎవరూ మాట్లాడరే.

జీవతి తాండా
మాది ఇంకో కథ. తెలంగాణ కెరమెరి, మహారాష్ట్ర జీవతి మధ్య 14 ఊళ్లు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, ఇద్దరు సర్పంచులు. మీకు ఒక ఎమ్మెల్యేతోనే ఇంత బాధ, మాకు ఇద్దరున్నారు. అయినా పట్టా ఇచ్చేవాడు లేడు.

అంకీస కుర్రాడు
రెండు రేషన్లంటే బాగానే ఉన్నారు కదా 😄

జీవతి తాండా
వచ్చి ఒక వానాకాలం ఉండి చూడు.

పర్లాకిమిడి వాసి
ఒడిశా నుంచి చెబుతున్నా. వంశధార మీద నేరడి బ్యారేజీకి మా వైపు 106 ఎకరాలు కావాలి. 2017 సెప్టెంబర్ 13న ట్రైబ్యునల్ తీర్పిచ్చినా మాట తెగలేదు. మా పక్కన భువనేశ్వర్‌లో అడుగుతారు, అటు అమరావతిలో అడుగుతారు. ఆ పేపరు ఇక్కడికి రాదు, ఇక్కడి పేపరు అటు పోదు. మీరు తెలంగాణ అసెంబ్లీలో కూడా ఎవరిచేతనైనా అడిగించండి బాబూ, అవతలి పైసల కాగితం అవతలే ఉంటుంది.

ప్రాణహిత ఒడ్డు
ఇది మంచి మాట. మంథని, చెన్నూరు వైపు పరిచయాలున్నవాళ్లు చెప్పండి.

శిలాజాల పిచ్చోడు
బ్యారేజీ అవతలి కొస మన పోచంపల్లి దగ్గరే కదా. ఆ ఊరి దగ్గరే బారాపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. అస్థిపంజరం కలకత్తాలో నిలబెట్టారు. వడధంలో శిలాజాల పార్కు ఉంది, బస్సులో వెళ్లి చూద్దామంటే కుదరదు. దీని మీద ఒక్క ప్రశ్నా పడలేదు.

మిరప చేను
బతికున్న మనుషులకే పంచనామా లేదు, ఎముకలకా.

ఆసరెల్లి పెద్దాయన
నవ్వకండి. 2022లో మన జిల్లా కమలాపూర్ క్యాంపు ఏనుగుల్ని గుజరాత్ పంపుతామంటే జిల్లా అంతా అడ్డుపడింది, ఆగాయి. ఏనుగుల కోసం కూడినవాళ్లం డాక్టర్ కోసం ఎందుకు కూడం?

లాల్‌పరి ప్రయాణికుడు
రోడ్డు!!

రిటైర్డ్ కారకూన్
నీది జాతీయ రహదారి. 'కేంద్రం విషయం' అని ఒక్క మాటతో తోసేయగలరు. కానీ పని చేయించేది రాష్ట్రం పీడబ్ల్యూడీలోని జాతీయ రహదారుల విభాగమే, కాబట్టి టెండర్, గడువు, కాంట్రాక్టరుకు వేసిన జరిమానా ఇక్కడా అడగొచ్చు. అడవి అనుమతి గురించి మాత్రం ఎంపీ లోక్‌సభలో అడగాలి. అక్కడ నోటీసు కనీసం 15 రోజులు. తారాంకం లేనివి రోజుకు 230 వస్తాయి, జవాబులన్నీ వెబ్‌సైట్లో పెడతారు. వీడియోల కన్నా ఆ కాగితం నయం, సంవత్సరం తర్వాత అదే మంత్రికి చూపించవచ్చు.

అంకీస కుర్రాడు
2023 జూలైలో మన ఎమ్మెల్యే మంత్రయ్యాడని డీజే పెట్టి ఊగాం. మంత్రి ప్రశ్న వేయలేడన్న సంగతి ఆ రోజు చెప్పాల్సింది సార్.

రిటైర్డ్ కారకూన్
డీజే సౌండులో నా మాట వినేదెవరు? ఇప్పుడు మంత్రి కాదుగా, వేయించండి. లేదా విధాన పరిషత్ (శాసనమండలి) సభ్యుల్ని పట్టుకోండి, ఆ సభలో 78 స్థానాలున్నాయి. మన ఓట్లతో పని లేనివాడు ఒక్కోసారి గట్టిగా అడుగుతాడు.

గోదారి మట్టం
100 మీటర్ల ఒప్పందం కాపీ నా దగ్గరుంది. నన్ను తిట్టినవాళ్లు అడిగితే ఇవ్వను.

మిరప చేను
నేనే అడుగుతున్నా. పంపు. మట్టం నీకు తెలుసు, ఏ ఒర్రె ఎక్కడ ఆగిందో నాకు తెలుసు.

ప్రాణహిత ఒడ్డు
ఎమ్మెల్యే పీఏ ఆదివారం అహేరిలో దొరుకుతాడంటున్నారు. రైతులు పంచనామా జిరాక్సులు తెండి, మరాఠీ కాగితం కారకూన్ సార్ రాస్తానన్నారు. డాక్టర్ ఖాళీల లిస్టు తెచ్చేవాళ్లు ఇంకా ఎవరూ పేరివ్వలేదు.

లాల్‌పరి ప్రయాణికుడు
అహేరికి ఏ రోడ్డు మీద పోతారట?