హెర్బీ నికల్స్ ట్రియో ఎల్‌పీ: సైడ్ చివర పియానో చిట్లినట్టు వినిపిస్తోంది

జాజ్ పియానిస్టు హెర్బీ నికల్స్ 1955-56లో బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీకి చేసిన ట్రియో రికార్డు (నంబర్ 1519) సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. పాత మోనో (ఒకే ఛానెల్) ప్రెస్సింగ్. బిల్లీ హాలిడే మాటలు కట్టి పాడిన 'లేడీ సింగ్స్ ది బ్లూస్' బాణీ ఈయనదే. అయినా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అందుకే దొరికిన ఈ ఒక్క కాపీని వదులుకోబుద్ధి కావడం లేదు.

సమస్య ఇదీ. రెండు వైపులా మొదటి మూడు పాటలు బాగానే వస్తాయి. ముల్లు రికార్డు మధ్యలోని లేబుల్‌కి దగ్గరపడే కొద్దీ, నికల్స్ కుడిచేత్తో పై స్వరాలు గట్టిగా కొట్టినప్పుడల్లా గరగరమంటూ పగిలిన శబ్దం. డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ సింబల్ తగిలితే ఇంకా ఎక్కువ. కుడి స్పీకర్‌లో మరీ స్పష్టంగా తెలుస్తోంది.

చేసి చూసినవి: డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. ముల్లు శుభ్రం చేశాను. గాడి మీద ముల్లు ఆనే బరువు 1.8 గ్రాముల నుంచి 2కి పెంచాను. ముల్లు అలైన్‌మెంట్, యాంటీ-స్కేటింగ్ (ముల్లున్న చేయి లోపలికి లాగకుండా చూసే అమరిక) మళ్లీ సరిచూశాను. యాంప్‌లో మోనో స్విచ్ వేస్తే చిటపటలు తగ్గాయి, గరగర మాత్రం పోలేదు. ఎడమ ఛానెల్ ఒక్కటే వింటే కాస్త నయం. నా స్టీరియో రికార్డులన్నీ చివరిదాకా శుభ్రంగానే ఆడుతున్నాయి. ఇప్పుడున్నది స్టీరియో కాట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం), ఎలిప్టికల్ (కోలగా ఉండే) ముల్లు.

పాత మోనో రికార్డులకు వాడే 25 మైక్రాన్ల గుండ్రటి ముల్లున్న మోనో కాట్రిడ్జ్ పెడితే గాడి గోడల మీద ఇంతవరకు అరగని చోట ఆని ఈ గరగర తగ్గుతుందా, లేక గాడి పూర్తిగా పాడైపోయినట్టేనా?