సమాధుల తోటలో కులం గోడ: ఏం చేయొచ్చు?

ప్రశ్న: కడప దగ్గర మా సంఘం సమాధుల తోటలో మాల, మాదిగ విశ్వాసులకు వేరే మూల, మధ్యలో గోడ. "దేవుడు ఎవరి స్థానం వాళ్లకిచ్చాడు" అని పెద్దల వాదన. నేనూ ఈ సంఘం విశ్వాసినే, ఒప్పుకోను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: వాక్యంతోనే. యాకోబు 2:1-9 చాలు, బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, దరిద్రుడికి పాదపీఠం దగ్గర, ఆ పక్షపాతమే పాపమంటుంది. నోటిమాటగా వద్దండీ. కమిటీకి అర్జీ ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

జవాబు 2: అట్రాసిటీ కేసని (ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద) పరిగెత్తకండి, దానికి బాధితుడికి ఎస్సీ హోదా ఉండాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. ఇక్కడ ఎస్సీల నుంచి మారిన క్రైస్తవులు బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు. కేసు అక్కడే కూలుతుంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం చూడండి. సెక్షన్ 4లో అంటరానితనంతో అడ్డుకోకూడని చోట్లలో శ్మశానం ఉంది. సెక్షన్ 7 వివరణ ప్రకారం అంటరానితనాన్ని మతం పేరుతో సమర్థించినా ప్రేరేపించినట్టే. చిక్కల్లా సెక్షన్ 12: బాధితుడు ఎస్సీ అయితే అది అంటరానితనమేనని కోర్టు భావిస్తుంది, క్రైస్తవుడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే గోడ ఫొటోలు, గోడ గురించి కమిటీ తీర్మానం ఉంటే దాని నకలు, సాక్షులు ముందే సిద్ధం చేసుకోండి.

జవాబు 3: క్యాథలిక్కులైతే బిషప్‌కి రాసే అర్జీకి సీబీసీఐ (భారత క్యాథలిక్ బిషప్‌ల సమాఖ్య) 2016 దళిత విధానం జతపరచండి. కర్నూలు బిషప్‌గా చేసిన పూల ఆంథోనీ గారు 2022లో తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) అయ్యారు. ఆ సీమలో ఇంకా గోడలా!