శొంఠి లేకపోతే జింజర్‌బ్రెడ్ ఎలా అవుతుంది?

తీపిపిచ్చి: 1430 ప్రాంతపు ఇంగ్లీషు వంటల రాతప్రతి ఉంది, హార్లే 279 అంటారు. అందులోని జింజర్‌బ్రెడ్ (ఇప్పుడైతే శొంఠి వేసి ఓవెన్‌లో కాల్చే కేకులాంటిది) నిన్న చేశాను. తేనె మరిగించి నురుగు తీసి, కుంకుమపువ్వు, మిరియాల పొడి వేసి, రొట్టె తురుము గట్టిపడేదాకా కలిపి, పలకలా వత్తి పైన దాల్చినచెక్క పొడి చల్లాలి. ఓవెన్ పనే లేదు, శొంఠి ఊసే లేదు! మా ఆయన మిరియాల లడ్డూ అన్నారు. చెంచాడు శొంఠి వేసేశాను. తప్పా?

రాతప్రతి_రాణి: తప్పేం లేదు, కానీ ఇక అది మీ వంట. 1430 నాటిది అనకండి.

పాకంబావ (లెస్టర్, ఇంగ్లండ్): పేరులోనే జింజర్ ఉంది కదండీ. రాసినవాడు మరిచిపోయి ఉంటాడు. మరో పాత రాతప్రతిలో శొంఠి, పిప్పళ్లు రెండూ ఉన్నాయి.

రాతప్రతి_రాణి: ఆ మరో వంట చేసుకోండి, దాని పేరు చెప్పండి. రెండూ కలిపి అసలుది అనొద్దు.

అట్ల_అప్పారావు: పైన ఆకులు గుచ్చమన్నాడుగా?

రాతప్రతి_రాణి: అవి బాక్స్ చెట్టు ఆకులు, విషం. అందం కోసమే. ఇంట్లో గుచ్చకండి.

అట్ల_అప్పారావు: నేను కరివేపాకు గుచ్చా.

పాకంబావ (లెస్టర్): ఎర్రగా కావాలంటే ఎర్రచందనం వేయమన్నాడు. మన చెట్టు వేస్తే అది ఇంగ్లీషు వంటే, నేను శొంఠి వేస్తే కాదా?

కడప_కుర్రోడు: ఆ చెట్టు మా కొండల వైపు తప్ప ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. ఇప్పుడు ఇంట్లో దుంగ ఉంటే పోలీసులొస్తారు, జింజర్‌బ్రెడ్ కోసమన్నా వినరు.

తీపిపిచ్చి: గొడవ వద్దు. అదే రాతప్రతిలో క్రిస్ప్స్ కూడా చేశా. తెల్లసొన, పాలు, పిండి, కాస్త బార్మ్, అంటే బీరు పులిసేటప్పుడు తేలే నురుగు. బదులు ఈస్ట్ వేశా. పిండిలో చెయ్యి ముంచి, వేళ్ల మీదుగా కాగే కొవ్వులోకి జారనివ్వాలట. భయమేసి సాస్ సీసాతో పోశా. జిలేబీకి చెల్లెల్లా వచ్చింది.

రాతప్రతి_రాణి: చెయ్యి పెట్టమంటే సీసానా! నాకు రెండుసార్లు బొబ్బలొచ్చాయి. పిండి ఎంత జారుగా ఉండాలో అవే నేర్పాయి.

పాకంబావ (లెస్టర్): బొబ్బలకు మెడల్ ఇవ్వాలా? ఇంటి వంటకి ఇంత పట్టింపేంటి మేడమ్?

రాతప్రతి_రాణి: చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. క్రిస్మస్ సంతలో మీ స్టాల్ డబ్బా ఫొటో మీరే ఇక్కడ పెట్టారు. "600 ఏళ్ల నాటి అసలు వంటకం" అని ఉంది. వెనకాల పావు కిలో తేనెకి పావు కిలో రొట్టె తురుము, అర చెంచా మిరియాలు. ఆ కొలతలు నిరుడు నేను ఇక్కడ రాసినవి.

పాకంబావ (లెస్టర్): 600 ఏళ్ల వంట మీ సొత్తా?

రాతప్రతి_రాణి: వంట కాదండీ, కొలతలు. రాతప్రతిలో తేనెకి తప్ప దేనికీ లెక్క లేదు. రొట్టె "ముక్కలు కోయడానికి వచ్చేంత" అన్నాడంతే. ఎంత వేస్తే కోతకొస్తుందో తెలుసుకోవడానికి ఆరుసార్లు చెడగొట్టా. ఒకసారి పలక రాయైపోయి కత్తి పిడి ఊడింది. నా కష్టానికి "600 ఏళ్ల నాటిది" అని పేరు పెట్టి మీరు అమ్ముకున్నారు. శొంఠి కలిపి మరీ!

తీపిపిచ్చి: అయ్యో, నేను చేసింది కూడా మీ కొలతలతోనే. అవి బావగారివనుకున్నా.

అట్ల_అప్పారావు: బావా, సారీ చెప్పెయ్.

పాకంబావ (లెస్టర్): సరే, కొలతలు ఆవిడవే. స్టిక్కర్లు ఇంకా నలభై ఉన్నాయి, అయిపోయాక "అసలు" తీసేస్తా. శొంఠి మాత్రం తియ్యను.