బాండు విడుదల: నాలుగో ఏట మొక్కలు ఎండుతున్నాయి, వాన నీటికి నేల కోసుకుపోయింది. ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుందా?

కొండవాలు (ప్రశ్న)

అమెరికాలో అపలాచియా వైపు ఉపరితల బొగ్గు గని ఒకటి. తవ్వకం పూర్తయింది. పర్మిట్ 140 ఎకరాలు, తవ్వకం తర్వాత భూవినియోగం అడవి. వాన ఏడాదికి 26 అంగుళాలకు బాగా పైనే కాబట్టి బాధ్యతా కాలం (నాటిన పచ్చదనం నిలబడిందని మేం చూపించాల్సిన గడువు) ఐదేళ్లు. భూమిని బాగు చేస్తామని హామీగా కట్టిన సొమ్మే బాండు, అది మూడు దశల్లో వెనక్కి వస్తుంది. మొదటి దశ కింద అందులో 60 శాతం వచ్చేసింది. విత్తనం చల్లి, మొక్కలు నాటి ఇది నాలుగో ఏడు. ఐదేళ్లు నిండగానే రెండో దశ, మూడో దశ కలిపి దరఖాస్తు పెట్టాలని ఆలోచన.

పై 130 ఎకరాల్లో ఇబ్బంది లేదు. కింది వాలులో దాదాపు 10 ఎకరాలే తలనొప్పి. గడ్డి నడుము ఎత్తున ఉంది, ఓక్ మొక్కలు మోకాలు దాటలేదు, సగం ఎండిపోయాయి. రెండు చోట్ల నీటి కోత పడింది, ఒకటి అడుగున్నర లోతు. వాలు పాదం దగ్గర ఒకచోట తుప్పు రంగు నీళ్లు ఊరుతున్నాయి. నెలవారీ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఈ కోతలను రిపోర్టులో రాశారు.

1. కోతలు పూడ్చి మళ్లీ విత్తితే ఐదేళ్ల గడియారం మొదటికొస్తుందా? వస్తే 140 ఎకరాలకూ వస్తుందా?
2. చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి నాటితే లెక్కలోకి వస్తాయా?
3. కింది సెడిమెంట్ పాండ్ (కొట్టుకొచ్చే మట్టిని ఆపే చెరువు) ఎప్పుడు తీసేయవచ్చు?
4. పక్కనే ఉన్న రాతి క్వారీకి ఈ గొడవలేవీ లేవు. ఎందుకని?

---

రెండోబెంచ్

మొదటి ప్రశ్నకు: గడియారం నడిచేది చివరిసారి అదనంగా విత్తనం, ఎరువు, నీరు లేదా మరో పని పెట్టిన ఏడాది నుంచి. మామూలు సాగు పనుల కింద రాష్ట్రం ముందే ఒప్పుకుని, ఆ జాబితాకు ఫెడరల్ ఆమోదం కూడా ఉన్నవాటికి మాత్రమే మినహాయింపు. పురుగు నివారణ, కొమ్మల కత్తిరింపు లాంటివి సాధారణంగా ఉంటాయి. చిన్న కోతలు పూడ్చడం కొన్ని రాష్ట్రాల జాబితాలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మీ రాష్ట్ర నిబంధనల్లో ఆ పేరా వెతికి చదవండి. ఇన్‌స్పెక్టర్ నోటిమాట మీద మాత్రం పని మొదలుపెట్టకండి, రేపు మూడో దశ ఫైలు చూసేది వేరే మనిషి.

అడుగున్నర లోతు కోతను "మామూలు సాగు పని" అనిపించుకోవడం కష్టమే.

140 ఎకరాలకూ తిప్పలు పడనక్కర్లేదు. ఫెడరల్ నిబంధనలు 30 సీఎఫ్‌ఆర్ 800.13లో దారి ఉంది. బాధ్యత పొడిగించాల్సిన భాగం ఒకచోటే, స్పష్టమైన హద్దులతో ఉంటే, రెగ్యులేటరీ అథారిటీ (గనులను నియంత్రించే సంస్థ) అనుమతితో దాన్ని విడదీసి విడిగా బాండు పెట్టుకోవచ్చు. రెండు షరతులు. విస్తీర్ణం పరిమితంగా ఉండాలి. చదరంగం గళ్లలా అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఉండకూడదు. మీ 10 ఎకరాలు ఒకే వాలులో ఉన్నాయి కాబట్టి సరిగ్గా ఈ కేసే. మ్యాప్ గీసేటప్పుడు అక్కడికి డోజర్ వెళ్లే దారిని కూడా ఆ ముక్కలోనే కలపండి, నిబంధన అందుకు ఒప్పుకుంటుంది. చాలామంది ఇది మర్చిపోతారు. ఆనక విడుదలైన భూమి మీదుగా యంత్రం నడపాల్సి వచ్చి ఇరుక్కుంటారు.

రెండో ప్రశ్నకు 80/60 సూత్రం. లెక్కపెట్టే చెట్లలో 80 శాతం, బాధ్యతా కాలంలో 60 శాతం పాటు నేలలో ఉండాలి. ఐదేళ్లలో 60 శాతం అంటే మూడేళ్లు. మిగతా 20 శాతం కొత్తవైనా సరే, అవీ కనీసం రెండు పెరుగుదల కాలాలు చూసి ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి. మీకు ఇది నాలుగో ఏడు. ఈ వసంతంలో నాటితే ఐదో ఏడు చివరికి సరిపోతుంది, వచ్చే వసంతంలో నాటితే ఆ దఫాకు లెక్కకు రాదు. ఆ 10 ఎకరాల్లో సగం పోయాయంటున్నారు కాబట్టి అక్కడ 20 శాతం హద్దు ఎలాగూ దాటేశారు.

---

చెమ్మనేల

విడదీయడం సరే, ముందు మొక్కలు ఎందుకు చచ్చాయో తేల్చండి. కారణం పోకుండా మళ్లీ నాటితే ఇంకో ఐదేళ్ల తర్వాత ఇదే ప్రశ్న అడుగుతారు.

చూడబోతే నేల బిగుసుకుపోయినట్టుంది. ఒక పార, ఒక బకెట్ నీళ్లు చాలు. ఎండిన మొక్క పక్కనుంచి అడుగు లోతు తవ్వి వేరుతో సహా పైకి తీయండి. వేరు ఆరేడు అంగుళాల దాకా దిగి అక్కణ్నుంచి కుండీ అడుగున మలుపు తిరిగినట్టు పక్కకు పాకి ఉంటే, కింద పొర గట్టిపడిందని అర్థం. గుంటలో నీళ్లు పోయండి. మర్నాటికీ నిలిచి ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. పెనెట్రోమీటర్ (నేల గట్టిదనం కొలిచే కడ్డీ) ఉంటే 300 పీఎస్‌ఐ దగ్గర గుర్తు పెట్టుకోండి, ఆ పైన వేర్లు దాదాపుగా దిగవు.

నీటి కోతకూ మూలం ఇదే. వాన నేలలోకి ఇంకకపోతే వాలు మీద జారుతుంది, జారిన నీరు గాడి తీస్తుంది. నున్నగా చదును చేస్తే కోత ఆగుతుందనేది 1977లో బొగ్గు గనుల ఫెడరల్ చట్టం వచ్చాక బలంగా నాటుకుపోయిన అలవాటు. వాలు జారకూడదన్న భయంతో డోజర్ పదిసార్లు తిరిగేది. చూడటానికి పచ్చిక మైదానంలా బాగుంటుంది, చెట్టుకు మాత్రం అది సిమెంటు.

2004లో మొదలైన అపలాచియన్ రీజినల్ రీఫారెస్టేషన్ ఇనిషియేటివ్ చెప్పే పద్ధతి దీనికి విరుగుడు. పైన కనీసం నాలుగడుగుల వదులు నేల ఉండాలి. పైమట్టి, ఎండావానలకు మెత్తబడిన గోధుమరంగు ఇసుకరాయి కలిపినా సరే. ట్రక్కులు కుప్పలు కుప్పలుగా దింపాలి, చిన్న డోజర్‌తో ఒకటి రెండుసార్లు మాత్రమే తలలు కొట్టాలి. గుట్టలు గుంటలుగా కనిపించడం తప్పు కాదు. పీహెచ్ 5 నుంచి 7 మధ్య ఉంటే అక్కడి గట్టి చెక్క చెట్లకు బాగుంటుంది.

మీ దగ్గర మట్టి పరచడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు మిగిలింది రిప్పింగే, అంటే నేలను లోతుగా చీల్చడం. పెద్ద డోజర్‌కు వెనక రిప్పర్ కొయ్య (నేలను చీల్చే ఇనుప కొక్కెం), కనీసం మూడడుగుల లోతు. వరసలు వాలుకు అడ్డంగా, కాంటూర్ వెంట (ఒకే ఎత్తులో) పోవాలి. పైనుంచి కిందికి లాగితే ప్రతి గాడీ కొత్త కాలువే. వరసకూ వరసకూ 8 అడుగులు పెట్టి, గాడి వెంట 8 అడుగులకో మొక్క నాటితే ఎకరాకు 680 పడతాయి. వేసవి చివర, నేల ఎండి ఉన్నప్పుడే చేయండి. తడి బంకమట్టిలో రిప్పర్ కొయ్య వెన్నలో కత్తిలా పోతుంది. గాడి గోడలు నున్నగా మెత్తుకుంటాయే తప్ప నేల పగలదు. వాలు మరీ నిటారుగా ఉంటే డోజర్ అడ్డంగా నడవడం ప్రమాదం, అక్కడ ఎక్స్‌కవేటర్ బకెట్‌తో గుంటగుంటగా వదులు చేయించండి.

నడుము ఎత్తు గడ్డి గురించి: అది టాల్ ఫెస్క్యూ అనే ఎత్తు గడ్డి అయి ఉంటే చెట్టుకు చేరాల్సిన నీరంతా అదే తాగేస్తుంది, పైగా ఎలుకలకు గూడు. ఈసారి పొట్టిగా, పలచగా పెరిగే గడ్డి, నత్రజని తక్కువ మోతాదు. మొదటి ఏడు నేల కాస్త ఖాళీగా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కు ముందే కాగితం మీద చెప్పి పెట్టుకోండి.

---

కొండవాలు

తవ్వి చూశాం. నాలుగు గుంటల్లో మూడింట వేరు 7 అంగుళాల దగ్గరే పక్కకు తిరిగింది. నీళ్లు మర్నాడు కూడా ఉన్నాయి. రిప్పింగ్ చేస్తే గడియారం తిరగడం ఖాయమే కదా?

---

రెండోబెంచ్

ఖాయం. ఆ 10 ఎకరాలకు మళ్లీ ఐదేళ్లు. అందుకే విడదీసే దరఖాస్తుకు అనుమతి వచ్చాకే డోజర్ దింపండి. ముందు దింపి తర్వాత అడిగితే గడియారం ఏ విస్తీర్ణానికి తిరిగిందన్న వాదన మొదలవుతుంది.

---

వాగుగట్టు

ఆగండి, తుప్పు రంగు నీటిని ఎవరూ పట్టించుకోలేదు. రిప్పర్ దింపే ముందు తేల్చాల్సింది అదే. కింద పైరైట్ (గంధకం, ఇనుము కలిసిన ఖనిజం) ఉన్న షేల్ రాయి ఉంటే, మూడడుగులు చీల్చి గాలి పంపడమంటే ఆమ్లానికి తలుపు తీయడమే.

ఊట పైభాగంలో ఐదారు చోట్ల అడుగుకో నమూనా చొప్పున నాలుగడుగుల దాకా తీసి యాసిడ్-బేస్ లెక్క (మట్టిలో పుట్టగల ఆమ్లం ఎంత, దాన్ని విరిచే సున్నం ఎంత) కట్టించండి. పైరైట్ గంధకం ఒక శాతం ఉంటే, వెయ్యి టన్నుల మట్టికి 31.25 టన్నుల కాల్షియం కార్బొనేట్ కావాలి. ఉదాహరణకు గంధకం 0.8 శాతం అయితే కావాల్సింది 25 టన్నులు. మట్టిలో సహజంగా ఉన్న సున్నపు శక్తి 18 టన్నులకు సమానమైతే లోటు 7. లోటు 5 దాటితే ఆ పదార్థాన్ని వేర్ల పొరలో ఉంచరాదన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. అలాంటి ముక్క దొరికితే అక్కడ రిప్పింగ్ మానేసి, పైన మంచి మట్టి వేయించండి. ఎకరా మీద ఆరంగుళాల మందానికి సుమారు 807 ఘనగజాలు పడుతుంది, నాలుగడుగులకు దానికి ఎనిమిది రెట్లు. మొత్తం 10 ఎకరాలకు అంత మట్టి దొరకదు, అందుకే చెడ్డ ముక్కను ఖచ్చితంగా గీసుకోవడం ముఖ్యం.

ఊట నీరు పాండ్‌లోకే వెళ్తుందా, పక్కనుంచి వాగులో కలుస్తుందా? కలుస్తుంటే బాండు సంగతి పక్కనపెట్టి అదే ముందు ఆపండి. పర్మిట్‌లో డిశ్చార్జి (బయటికి వదిలే నీటి) హద్దులు చూసుకోండి. పీహెచ్ 6 నుంచి 9 మధ్య ఉండాలి, ఇనుము, మాంగనీసుకు విడివిడిగా హద్దులుంటాయి.

పాండ్ విషయం: చివరిసారి అదనంగా విత్తిన తర్వాత రెండేళ్ల లోపు తీయకూడదు. ఆ ప్రాంతం స్థిరపడి, పచ్చదనం పట్టి, అథారిటీ ఒప్పుకున్నాకే తీయాలి. మీరు కింది వాలును మళ్లీ విత్తుతున్నారు, దాని నీరు ఈ పాండ్‌లోకే వస్తుంది. అంటే పాండ్ గడియారం కూడా తిరిగినట్టే. విడదీసే మ్యాప్‌లో పాండ్‌నూ కలపండి, లేకపోతే 130 ఎకరాల దరఖాస్తుకు అదే అడ్డం పడుతుంది. శాశ్వత చెరువుగా ఉంచేద్దామనుకుంటే భూ యజమాని కోరడంతో పాటు నీటి నాణ్యత, నీటిమట్టం, కట్ట స్థిరత్వం కూడా నిరూపించాలి.

---

లెక్కలపుస్తకం

మిగతా 130 ఎకరాల్లో "ఇబ్బంది లేదు" అన్నారు, ఆ మాట అంకెల్లో ఉండాలి. అడవి భూవినియోగానికి ఐదో ఏటి పెరుగుదల కాలంలో ఎకరాకు ఇన్ని మొక్కలన్న ప్రమాణం అందుకోవాలి. ఫెడరల్ నిబంధన ప్రకారం ప్రమాణంలో 90 శాతం చాలు, కానీ 90 శాతం గణాంక విశ్వాసంతో చూపించాలి.

ఒక ఊహా లెక్క. రాష్ట్ర ప్రమాణం ఎకరాకు 450 మొక్కలనుకోండి, అందులో 90 శాతం 405. ఎకరాలో వందో వంతు గుండ్రటి ప్లాట్లు తీసుకుంటే వ్యాసార్ధం 11.8 అడుగులు, ప్లాట్‌లో ఒక మొక్క అంటే ఎకరాకు వంద. 30 ప్లాట్లలో సగటు 4.4, ప్రామాణిక విచలనం (ప్లాట్ల మధ్య తేడా ఎంతన్న కొలత) 1.9 వచ్చిందనుకుందాం. అంటే ఎకరాకు 440, తేడా 45 అటూఇటూ. సగటు చూస్తే 405 దాటింది. కింది హద్దు చూస్తే 395, తప్పింది. సైటు పాసైందని మొదలుపెట్టి కాదని నిరూపించాలా, ఫెయిలైందని మొదలుపెట్టి అవునని నిరూపించాలా అన్నది మీ రాష్ట్రం ఆమోదించిన నమూనా పద్ధతిలో చూసుకోండి. రెండోదైతే 30 ప్లాట్లు చాలకపోవచ్చు, ముందే 50 వేసుకోండి. ప్లాట్ల చోట్లు గ్రిడ్ ప్రకారం తీయాలి. దారి పక్కన బాగున్న చోట కర్ర పాతితే మొత్తం సర్వే కొట్టేస్తారు.

---

రాతిపలక

నాలుగో ప్రశ్నకు: ఎస్‌ఎంసీఆర్‌ఏ, అంటే 1977 ఆగస్టు 3న అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం, బొగ్గుకు మాత్రమే. రాయి, కంకర, బంకమట్టి దాని పరిధిలోకి రావు, అక్కడ ఉన్నది రాష్ట్ర చట్టమే. జార్జియాకు 1968 నుంచి సర్ఫేస్ మైనింగ్ చట్టం ఉంది. కాలిఫోర్నియాలో 1975 నాటి స్మారా (ఆ రాష్ట్ర ఉపరితల గనుల చట్టం) కింద అనుమతి, తనిఖీ ఎక్కువగా కౌంటీ లేదా నగరం చేతిలో. ఎకరాకు మించి భూమి కదిలినా, వెయ్యి ఘనగజాలకు మించి తీసినా వర్తిస్తుంది, ఆర్థిక హామీ ఏటా సరిచూస్తారు. కాబట్టి పక్క క్వారీకి నిబంధనలు లేవనుకోకండి, వేరే పుస్తకంలో ఉంటాయి.

బొగ్గులో కూడా మీ ఇన్‌స్పెక్టర్ రాష్ట్ర ఉద్యోగే అయి ఉంటారు. ఫెడరల్ ఆమోదం పొందిన రాష్ట్రం తన కార్యక్రమం తానే నడుపుతుంది, ఫెడరల్ కన్నా మెతకగా ఉండకూడదు. టెన్నెసీ 1984లో ఆ అధికారం వదులుకుంటే అక్కడ ఫెడరల్ కార్యాలయమే నేరుగా దిగాల్సి వచ్చింది.

---

రెండోబెంచ్

దరఖాస్తు గురించి ఒక్క మాట, ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. స్థానిక పత్రికలో వారానికోసారి చొప్పున వరసగా నాలుగు వారాలు ప్రకటన వేయాలి, దాని ప్రతి దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లోపు అందాలి. పక్క భూముల యజమానులకు, స్థానిక సంస్థలకు, నీటి శుద్ధి అధికారులకు రాసిన ఉత్తరాల నకళ్లు జతచేయాలి. పని పూర్తయిందని నోటరీ చేయించిన ప్రకటన కూడా ఉండాలి. ప్రకటనలో ఎకరాలు మీ కొత్త మ్యాప్‌తో సరిపోవాలి. 140 అని వేసి 130కి అడిగితే మళ్లీ నాలుగు వారాలు. చివరి ప్రకటన తర్వాత అభ్యంతరాలకు 30 రోజులు. శీతాకాలంలో పెట్టకండి, ఆకు లేని చెట్టును చూసి ఆరోగ్యంగా ఉందని ఎవరూ సంతకం పెట్టరు.